మిగ్-21కి వెండి రంగు ఎందుకు వద్దు?

నీటి రంగుల శీర్షికకు ఈ మధ్య వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా యుద్ధ విమానాల గురించే. వాటిలోనూ ఎక్కువ మిగ్-21 మీద. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వాయుసేన ఆ విమానానికి వీడ్కోలు చెప్పాక చాలామంది కుంచె పట్టినట్టున్నారు. ఒకేలాంటి సందేహాలను ఒకచోట చేర్చి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఫొటో ముందు పెట్టుకుని గీసినా విమానం వంకరపోతోంది. ముక్కు లావుగా, తోక పీలగా వస్తోంది. ఎక్కడ తప్పుతున్నాను? (కాకినాడ)

తప్పు మీ చేతిది కాకపోవచ్చు, ఫొటోది కావచ్చు. ఫోన్లోని మామూలు లెన్స్ వెడల్పు లెన్స్. విమానానికి దగ్గరగా నిలబడి తీస్తే ముక్కు ఉబ్బుతుంది, తోక కుంచించుకుపోతుంది. వీలైనంత దూరం వెనక్కి వెళ్లి, జూమ్ లెన్స్ వాడి తీసిన ఫొటో అయితే కొలతలు నమ్మవచ్చు.

ఫొటో ఏదైనా ముందు అసలు కొలతలు దగ్గర పెట్టుకోండి. మిగ్-21 పొడవు ముందుకు పొడుచుకొచ్చే గొట్టం కాకుండా సుమారు 14.7 మీటర్లు. ఈ కొస నుంచి ఆ కొసకు రెక్కలు 7.15 మీటర్లు. అంటే పొడవులో సగానికి కాస్త తక్కువ. రెక్క ముందు అంచు 57 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. 11×15 అంగుళాల కాగితం మీద అటూ ఇటూ 5 సెంటీమీటర్లు వదిలితే పక్క నుంచి కనిపించే విమానానికి 28 సెంటీమీటర్లు మిగులుతాయి. ఆ లెక్కన బొమ్మలో ఒక మిల్లీమీటరు అసలు విమానంలో 52 మిల్లీమీటర్ల పైచిలుకు. ఈ అంకె గుర్తుంచుకోండి, కింద మళ్లీ పనికొస్తుంది.

మూడు వంతుల కోణంలో, అంటే ముక్కూ పక్కా రెండూ కనబడేలా గీసేటప్పుడు బొమ్మను చెడగొట్టేవి అండాకారాలు. ముక్కు దగ్గర గాలి పీల్చే గుండ్రటి నోరు, వెనక మంట వచ్చే గొట్టం, మధ్యలో ఒంటి చుట్టూ ఉండే అతుకులు అన్నీ ఒకే ఇరుసు మీద గుచ్చిన గాజుల్లాంటివి. కాబట్టి ముందు ముక్కు నుంచి తోక దాకా నడిమి గీత సన్నగా గీయండి. ప్రతి అండాకారం పొట్టి అడ్డకొలత ఆ గీత మీదే పడాలి. చాలామంది ఆ అండాలను కాగితానికి నిలువుగా నిలబెడతారు. విమానం మెడ విరిగినట్టు కనిపించేది అందుకే.

ఇంకొకటి. మీరు గీస్తున్నది ఏ రకమో ముందే తేల్చుకోండి. ఎఫ్ఎల్ రకంలో ముక్కు ముందుకు పొడుచుకొచ్చే గొట్టం పైన సరిగ్గా నడుమ ఉంటుంది. తర్వాత వచ్చిన ఎం, బిస్ రకాల్లో ఆ గొట్టం పైలట్‌కు కుడిచేతి వైపుకు జరిగింది. తెలిసినవాళ్లు బొమ్మలో మొదట చూసేది దాన్నే.

ప్రశ్న: గీసిన బొమ్మను మంచి కాగితం మీదకు ఎలా ఎక్కించాలి? రబ్బరు పెట్టిన చోటల్లా రంగు నల్లగా పీలుస్తోంది. (నల్లగొండ)

కాగితం పైన జిగురు పూత ఉంటుంది. రబ్బరు గట్టిగా రుద్దితే ఆ పూత లేచిపోతుంది, అక్కడ కాగితం రంగును దూదిలా తాగేస్తుంది. అందుకే దిద్దుబాట్లన్నీ మామూలు కాగితం మీదే ముగించండి. తర్వాత ట్రేసింగ్ కాగితం వెనక 2బీ పెన్సిల్ పూసి, ముందు నుంచి హెచ్ పెన్సిల్‌తో తేలిగ్గా ఎక్కించండి. ఎల్ఈడీ ట్రేసింగ్ పలక ఉంటే ఇంకా మంచిది, 300 జీఎస్ఎం మందపాటి కాగితంలోంచి కూడా గీత కనిపిస్తుంది. ఎక్కించాక పిండిలా మెత్తగా ఉండే రబ్బరును అద్ది తీయండి, రుద్దకండి.

కాగితం మాత్రం నూరు శాతం నూలుది తీసుకోండి. విమానాలకు నున్నటి హాట్ ప్రెస్ మంచిదని అంటారు. గీతలకు నిజమే, కానీ పెద్ద ఆకాశం పూత దాని మీద మచ్చలు పడకుండా రావడం కష్టం. మొదటి నాలుగైదు బొమ్మలకు సన్న గరుకు కోల్డ్ ప్రెస్ చాలు.

ప్రశ్న: రేకుల అతుకులన్నీ 0.3 పెన్నుతో ఓపిగ్గా గీశాను. చూసినవాళ్లు ఇది విమానమా, ఇంజినీరింగ్ డ్రాయింగా అంటున్నారు. (హన్మకొండ)

పైన చెప్పిన అంకె ఇక్కడ పనికొస్తుంది. 0.3 మిల్లీమీటర్ల గీతను 52తో హెచ్చిస్తే దాదాపు 16 మిల్లీమీటర్లు. అంటే రేకుకీ రేకుకీ మధ్య వేలు దూరేంత సందు పెట్టారన్నమాట! అలాంటి విమానం గాల్లోకి లేవదు. అసలు అతుకు ఈ సైజులో కంటికి ఆనదు. కంటికి ఆనేది రేకుకీ రేకుకీ మధ్య వెలుగు తేడా.

అందుకని గీత మానేసి తేడా వేయండి. మొదటి పూత పూర్తిగా ఆరాక, పక్కపక్కనున్న రేకుల్లో ఒకదాని మీద మాత్రమే చాలా పల్చటి బూడిద పూత వేయండి. ఆ పూత అంచే అతుకుగా కనిపిస్తుంది. ఒంటి మొత్తం మీద ఇలా ఏడెనిమిది రేకులు చాలు. గీతే కావాలనిపించిన చోట, అంటే రెక్క వెనక కదిలే పలకలు, చక్రాల తలుపులు, తోక చుక్కాని దగ్గర సన్న కుంచెతో గీయండి. కానీ ఒకే బరువుతో చివరిదాకా లాగవద్దు. నీడలో ముదురుగా మొదలై వెలుగులోకి వచ్చేసరికి తెగిపోవాలి. మేకుల చుక్కలు విమానం మొత్తం పెట్టకండి. చూపు ఆగాల్సిన కాక్‌పిట్ చుట్టుపక్కల కొన్ని పెడితే మిగతావి చూసేవాళ్ల కళ్లే పెట్టుకుంటాయి.

ప్రశ్న: రంగు వేయని పాత మిగ్-21 ఎఫ్ఎల్ వేస్తున్నాను. వెండి రంగు ట్యూబు కొని పూస్తే సిమెంటు గొట్టంలా తయారైంది. ఆ మెరుపు ఎలా తేవాలి? (విజయవాడ)

ఆ ట్యూబు పక్కన పెట్టండి. వెండి రంగులో ఉండేది మెరిసే పొడి. ఒక కోణంలో తళుక్కుమంటుంది, ఎదురుగా చూస్తే ఉత్త బూడిద. ఫొటో తీసినా అచ్చు వేసినా ఆ బూడిదే మిగులుతుంది. అల్యూమినియం రేకుకు సొంత రంగంటూ దాదాపు లేదు, చుట్టూ ఉన్నదాన్ని చూపిస్తుంది. మీరు వేయాల్సింది లోహాన్ని కాదు, అందులో కనబడే ఆకాశాన్నీ నేలనూ.

కాంక్రీటు మీద నిలిపిన విమానాన్ని పక్క నుంచి చూస్తున్నారనుకోండి. ఒళ్లు గొట్టంలా గుండ్రం. దాని నడిమి ఎత్తున కనబడేది మీ వెనకనున్న దిగంతం, అంటే చెట్లు, షెడ్లు, ముదురు సన్నటి పట్టీ. అక్కడి నుంచి పైకి పోతుంటే మొదట దిగంతం దగ్గరి తేలిక ఆకాశం, తర్వాత చిక్కబడుతూ నడినెత్తి నీలం. చాలామంది తప్పేది ఇక్కడే. ఆ చిక్కటి నీలాన్ని వీపు అంచు మీద పెడతారు. నిజానికి అది అంచు కంటే కిందే పడుతుంది. గొట్టం పై సగం 12 మిల్లీమీటర్లు ఉంటే, నడిమి గీతకు సుమారు 8 మిల్లీమీటర్ల పైన. అక్కడ రేకు 45 డిగ్రీలు వాలి ఉంటుంది కనుక నడినెత్తి ఆకాశం అక్కడే కనిపిస్తుంది. వీపు అంచుకు చేరేసరికి అవతలి దిక్కు దిగంతపు తేలిక ఆకాశం వచ్చి మళ్లీ వెలుగు పెరుగుతుంది. కింది సగం దీనికి అద్దంలో బింబం. దిగంతపు పట్టీ కింద ఎండ పడ్డ కాంక్రీటు, ఇంకా కిందకు విమానం సొంత నీడ వల్ల చీకటి, కడుపు అంచున మళ్లీ కాస్త వెలుగు.

వేసే వరుస ఇది. ఎండ తగిలే చోట ఒకటి రెండు మిల్లీమీటర్ల తెల్ల కాగితం పట్టీ వదిలేయండి. పై సగాన్ని శుభ్రమైన నీటితో తడిపి, మెరుపు తగ్గి తేమ మాత్రమే మిగిలాక సెరూలియన్ (తేలిక ఆకాశ నీలం) పల్చగా దింపండి. తడి ఉండగానే పైన చెప్పిన ఎత్తులో అల్ట్రామెరైన్ (చిక్కటి నీలం) చేర్చండి. పూర్తిగా ఆరనివ్వండి. కింది సగానికి ఎల్లో ఓకర్‌లో (మట్టి పసుపు) బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు) చుక్క, బాగా నీరు. కడుపు దగ్గర అదే మిశ్రమంలో అల్ట్రామెరైన్ కలిపితే నీడ వస్తుంది. అన్నిటికన్నా చివర, పొడి కాగితం మీద దిగంతపు పట్టీ. ఇండాంత్రోన్ బ్లూ (ముదురు నీలం), బర్న్ట్ సియెన్నా చిక్కగా కలిపి ఒకే లాగులో వేయండి. దాని కింది అంచు కత్తితో కోసినట్టుండాలి. లోహం అనిపించేది ఆ పదునే. పెయింటు వేసిన గొట్టం మీద వెలుగు నీడలు మెల్లగా కలిసిపోతాయి, లోహం మీద ఎదురెదురుగా కొట్టుకుంటాయి. భయపడి ఆ పట్టీని మెత్తబరిచారా, మళ్లీ సిమెంటు గొట్టమే.

ఆరాక రేకులకు ఇందాకటి పల్చటి పూతలు, కొన్ని వెచ్చగా, కొన్ని చల్లగా. తోక వైపు ఇంజను వేడి తగిలే రేకులకు బర్న్ట్ సియెన్నాలో కాస్త ఊదా కలిపి వేయండి. ముక్కులోని శంకువు లోహంలా మెరవదు, రంగు పూసిన భాగం. దానికి ఈ పట్టీలు వద్దు, మామూలు వెలుగు నీడలే.

ప్రశ్న: ఆకాశం వేసేటప్పుడు విమానం అంచుల దగ్గర గోబిపువ్వుల్లాంటి మచ్చలు వస్తున్నాయి. (గుంటూరు)

సగం ఆరిన పూతలోకి ఎక్కువ నీళ్లున్న కుంచె పెట్టారు. కొత్త నీరు పాత రంగును తోసుకుంటూ పోయి, ఆగిన చోట అంచు కడుతుంది. గుంటూరు ఎండల్లో పూత మూడు నాలుగు నిమిషాల్లోనే ఆరుతుంది. విమానం అంచుల చుట్టూ జాగ్రత్తగా తిరిగేసరికి మొదలుపెట్టిన చోట ఆరిపోయి ఉంటుంది.

ఫ్యాను కట్టేయండి. ఎండాకాలమైతే ఉదయం ఏడింటిలోపు కూర్చోండి. 11×15 కాగితానికి ఆకాశం రంగు కనీసం నాలుగు టీస్పూన్లు ముందే కలిపి పెట్టుకోండి, మధ్యలో మళ్లీ కలిపితే అదే రంగు రాదు. బల్లను 10-15 డిగ్రీలు వాలుగా పెట్టండి. కాగితాన్ని తలకిందులు చేసి పూత వేస్తే అడుగున చేరే రంగు ఆకాశం పై భాగంలో చిక్కబడుతుంది, అక్కడ కావాల్సింది కూడా అదే. అంచుల కోసం విమానం ఆకారం లోపలి వైపు ఒక సెంటీమీటరు మేర మాస్కింగ్ ఫ్లూయిడ్ (రంగు అంటకుండా పూసి, తర్వాత ఒలిచేసే రబ్బరు ద్రవం) పూస్తే కుంచె ఆగకుండా లాగవచ్చు. మచ్చ కనబడగానే దిద్దబోవద్దు. పూర్తిగా ఆరనిచ్చి, కావాలంటే ఆ మచ్చనే మబ్బు చేసుకోండి.

ప్రశ్న: మాస్కింగ్ ఫ్లూయిడ్ తీస్తే కాగితం కూడా లేచి వస్తోంది. (కర్నూలు)

మూడు కారణాలుంటాయి. కాగితం లోపల తడి ఉండగా పూసి ఉంటారు, లేదా హెయిర్ డ్రయ్యర్ పెట్టి ఉంటారు, లేదా రోజుల తరబడి వదిలేసి ఉంటారు. వేడి తగిలితే ఆ రబ్బరు పాలు కాగితపు పీచుకు అంటుకుపోతాయి. ఎండాకాలంలో అదే గదిలో రెండు రోజులుంచినా అదే గతి. ఉదయం పూస్తే సాయంత్రంలోగా తీసేయండి. చేతి వెనక భాగం ఆనిస్తే కాగితం చల్లగా తగిలిందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. తీర ప్రాంతాల్లో వానాకాలం ఇది గంటలు పడుతుంది. సీసాను ఊపవద్దు, బుడగలు పడి పూతలో చిల్లులొస్తాయి. కుంచెను ముందు సబ్బులో ముంచితే వెంట్రుకలు పాడుకావు. అయినా మంచి కుంచె వాడకండి.

ప్రశ్న: వాయుసేన గుండ్రటి గుర్తు శుభ్రంగా రావడం లేదు. (హైదరాబాద్)

బయట కాషాయం, నడుమ తెలుపు, మధ్యలో ఆకుపచ్చ. తెలుపు కాగితానిదే, రంగు పెట్టకండి. ఈ గుర్తు (రౌండెల్) ఎదురుగా కనబడుతుంటే రూలింగ్ పెన్ (రెండు దవడల మధ్య రంగు నింపి గీత గీసే పెన్ను) బిగించిన కంపాస్‌తో అంచు గీసి లోపల కుంచెతో నింపండి. పెన్నును రంగులో ముంచకండి, కుంచెతో దాని దవడల మధ్య రంగు పెట్టండి. కంపాస్ ముల్లు గుచ్చితే ఆ చిల్లులో రంగు చేరి నల్లచుక్క మిగిలిపోతుంది, ముల్లు కింద చిన్న టేపు ముక్క అతికించుకోండి.

గుండ్రటి ఒంటి మీద, వాలు రెక్క మీద రౌండెల్ వృత్తంలా కనబడదు. కంపాస్ అక్కడ పనికిరాదు. అండాకారం పెన్సిల్‌తో తేల్చుకుని ట్రిపుల్ జీరో కుంచెతో నింపాలి. గుర్తు వేశాక విమానం మీది నీడ దాని మీదుగా కూడా పోవాలి. నీడలో ఉన్న తెల్ల వలయం తెల్లగా ఉండదు. ఈ ఒక్కటి మరిచిపోతే ఎంత బాగా గీసినా స్టిక్కరు అంటించినట్టే.

తోక మీది అంకెలకు రెండు మూడు మిల్లీమీటర్ల ఎత్తులో కుంచెతో కుస్తీ పట్టకండి. నీటికి చెదరని ఇంకున్న 0.1 పెన్ను చాలు.

ప్రశ్న: కామఫ్లాజ్ (శత్రువు కంటపడకుండా పూసే మచ్చల) రంగులు బురదైపోతున్నాయి. (అనంతపురం)

1971 యుద్ధకాలంలో వెండిలా మెరిసే మిగ్-21లు దూరానికే కనబడతాయని చాలావాటి మీద హడావిడిగా రంగులు పూశారు. అవి వేసేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది, మచ్చల అంచులు కాస్త అటూ ఇటూ అయినా ఎవరూ తప్పు పట్టరు. బురద సంగతి వేరు. తేలిక రంగును మొత్తం పూసి రాత్రంతా ఆరనివ్వండి. ముదురు మచ్చలు దాని మీద వేయండి, పక్కపక్కన తడి తడిగా వేయకండి. ఒక మిశ్రమంలో రెండు రంగు పొడులకు మించవద్దు. ట్యూబు మీద పీబీ 29, పీబీఆర్ 7 వంటి ఆ పొడుల సంకేతాలుంటాయి, చదవండి. ‘ఆలివ్ గ్రీన్’ అని అమ్మే ట్యూబులో అప్పటికే రెండు మూడు పొడులు ఉండవచ్చు. దానికి మీరు ఇంకో రెండు కలిపితే బురద కాక ఏమవుతుంది?

నీడ చివర్లో, ఒకే ఒక్కసారి. ఇండాంత్రోన్ బ్లూలో కాస్త బర్న్ట్ సియెన్నా కలిపి, మెత్తటి కుంచెతో తిరిగి రుద్దకుండా లాగండి. అల్ట్రామెరైన్ ఇక్కడ వద్దు, అది రేణువులుగా విడిపోయి ఆకుపచ్చ మీద ఇసుక చల్లినట్టుంటుంది.

ప్రశ్న: కాక్‌పిట్ గాజు నీలంగా వేస్తే ప్లాస్టిక్ బొమ్మలా ఉంది. (ఖమ్మం)

గాజు నీలం కాదు. లోపలి సీటు, చీకటి ముందు వేయండి, చుట్టూ ఉన్నదానికన్నా ఒక మెట్టు తేలికగా. ఆరాక తడి కుంచెతో పై వంపు మీద ఒక పట్టీ రంగు ఎత్తేయండి, అది ఆకాశం మెరుపు. ఫ్రేము మీద తెల్ల గువాష్‌తో (కింది రంగును కప్పేసే చిక్కటి నీటి రంగు) జుట్టు వాసి గీత ఒకటి. ఒకటే!

ప్రశ్న: విశాఖ బీచ్‌లోని టీయూ-142 (నౌకాదళం పాత నిఘా విమానం) ఎదుట కూర్చుని వేయాలని ఉంది. ప్రొపెల్లర్లు చూస్తే గుండె జారుతోంది. (విశాఖపట్నం)

ముందు శుభవార్త. 2017 నుంచి మ్యూజియంగా ఉన్న విమానం కనుక కూర్చుని గీయడానికి ఇంతకన్నా అనువైన చోటు దొరకదు. పనిచేస్తున్న వైమానిక స్థావరాల దగ్గర మాత్రం ఫోన్ గానీ స్కెచ్ పుస్తకం గానీ తీయకండి, అది చట్టంతో చెలగాటం.

నాలుగు ఇంజన్లు. ఒక్కోదానికి ఒకదాని వెనక ఒకటిగా, ఎదురు దిక్కుల్లో తిరిగే రెండు ప్రొపెల్లర్లు, ఒక్కోదానికి నాలుగు ఆకులు. మొత్తం 32 ఆకులు. అన్నీ గీయాలని కూర్చుంటే పొద్దు గుంకుతుంది. మీకు దగ్గరగా ఉన్న ఇంజను ఎనిమిది ఆకులూ పూర్తిగా వేయండి. రెండోదానికి ఆకారం మాత్రమే, మిగతా రెండింటికీ ఆకాశం మీద ముదురు మరకలు చాలు. ఆకుల కొసలు తాకే అండాకారం ముందు తేలిగ్గా గీసుకుంటే ఏ ఆకూ పొడుగు పొట్టి కాదు. ఆ అండం పొట్టి కొలత ఇంజను ఇరుసు మీద ఉండాలి. ఇంజన్లు నాలుగూ ఒకే దిక్కు చూస్తాయి కనుక నాలుగు అండాల వాలూ దాదాపు ఒకటే.

ఎగురుతున్నట్టు వేయాలంటే ఆకులే వద్దు. ఆకాశం ఆరాక తడి కుంచెతో ఆ గుండ్రటి మేర కాస్త రంగు ఎత్తండి, ఒక వైపు పల్చటి బూడిద నీడ ఇవ్వండి.

రెక్కలు కొస నుంచి కొసకు 50 మీటర్లు, పొడవు 53 మీటర్ల దాకా. రోడ్డు మీద నుంచి చూస్తే మొత్తం ఒక చూపులో ఇమడదు. మొదటిసారి ముక్కు, ఒక రెక్క, రెండు ఇంజన్లతో సరిపెట్టుకోండి. సముద్రపు గాలికి కాగితం మెత్తబడి పూతలు ఆరడం ఆలస్యమవుతుంది. ఉదయం పెన్సిల్ పని, మొదటి పూత అక్కడ ముగించి, సన్న పని ఇంటికొచ్చి చేసుకోండి. గువాష్ ట్యూబు మూతల్లో ఇసుక చేరకుండా చూసుకోండి.